పిక్క కోసి చెప్పే మనిషి

పలాస జీడిపప్పును మెచ్చుకోనివారు లేరు. పిక్క నాణ్యత తేల్చే మనిషిని మాత్రం ఎవరూ తలవరు. పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్కలైనా, ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చినవైనా ఆయన పని ఒకటే. బస్తాబస్తాకీ గుప్పెడు తీసి, కలిపి, కిలో తూస్తాడు. ఒక్కొక్కటీ రెండుగా కోస్తాడు. జీడి అంటితే చర్మం పొక్కుతుంది, అయినా చెయ్యి ఆగదు. మంచి పప్పు ఒక కుప్ప, మచ్చపడింది మరోటి, పుచ్చూ బూజూ అవతలికి. మంచిదాని బరువు పూర్తిగా, మచ్చదానిది సగమే లెక్క. దాంతో 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో తేల్చేస్తాడు. ఐవరీ కోస్ట్‌లోనూ ఇదే లెక్క. కిలోలొచ్చినా ఈ వ్యాపారం పౌండ్లను వదల్లేదు మరి! 2018లో తిత్లీ తుపానుకు తోటలు కోల్పోయిన ఉద్దానం రైతులు బస్తాకు 16 వేలు ఇమ్మని పోరాడారు. బస్తా విలువ తేల్చేది ఈ కోతే కాబట్టి, అది వాళ్ల కళ్లెదుటే జరగాలి.