గోవాడ కార్మికుడి పింఛను, చోడవరం మాస్టారి పింఛను

చోడవరం చుట్టుపక్కల నెలజీతం మీద బతికే ఇళ్లలో పింఛను మాట రెండు రకాలుగా వినిపిస్తుంది. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీలాంటి చోట పనిచేసేవాళ్లది పీఎఫ్ పింఛను. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) అది. 2004 సెప్టెంబరు 1 నుంచి సర్కారు కొలువులో చేరిన టీచర్లు, గుమస్తాలది కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్). అంతకుముందు చేరినవాళ్లకు పాత పెన్షనే. డీఎస్సీ 2003 టీచర్లకు నోటిఫికేషన్ ముందొచ్చింది, ఉద్యోగం తర్వాతొచ్చింది. పాపం, ఆ తేదీల మధ్య పడి వాళ్లూ సీపీఎస్‌లోకే వెళ్లారు.

టీచర్ల సంఘాలు సీపీఎస్‌ను ఎప్పుడూ పాత పెన్షన్‌తోనే పోలుస్తాయి. పీఎఫ్ పింఛనుదారులు తమ కనీస పింఛను వెయ్యి రూపాయలను బజారు ధరలతో పోల్చుకుంటారు. ఈ రెండు పథకాలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. నేను చూసింది అందుకే. దీనికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, సభ్యులు రోజూ అడిగే ప్రశ్నలు చాలు.

అందరూ మొదట అడిగేది నెలకు ఎంతొస్తుందని. ఈపీఎస్‌లో దీనికి సూత్రం ఉంది: పింఛను జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. పింఛను జీతమంటే చివరి 60 నెలల సగటు, అదీ 15,000 మించకుండా. ఈ లెక్కన 35 ఏళ్ల సర్వీసుకు 7,500 రావాలి. కరపత్రాల్లో కనిపించే అంకె ఇదే. కానీ 2014 సెప్టెంబరు దాకా పరిమితి 6,500 మాత్రమే కాబట్టి, ఆనాటి వరకు చేసిన సర్వీసుకు 6,500 మీద, తర్వాతి సర్వీసుకు 15,000 మీద విడివిడిగా లెక్క కడతారు. 1996 సెప్టెంబరులో చేరి 2026లో 58 ఏళ్లకు దిగిపోయే మనిషిని తీసుకోండి. మొదటి 18 ఏళ్లకు 1,671 రూపాయలు, తర్వాతి 12 ఏళ్లకు 2,571 రూపాయలు. మొత్తం 4,242. ఇరవై ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్ల అదనాన్ని చేర్చినా అయిదు వేలు దాటదు. ముప్పై ఏళ్ల చాకిరీకి వచ్చేది అంతే.

సీపీఎస్‌లో సూత్రమే లేదు. ఉద్యోగి మూల వేతనం, డీఏల మీద పది శాతం కడతాడు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. ఆ డబ్బు షేర్లలోనూ బాండ్లలోనూ పెరుగుతుంది. రిటైరయ్యాక అరవై శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. కనీసం నలభై శాతంతో బీమా సంస్థ దగ్గర యాన్యుటీ కొనాలి, నెలనెలా పింఛను వచ్చేది దాని మీదే. నలభై లక్షలు పోగయ్యాయనుకుందాం. పదహారు లక్షలు యాన్యుటీకి పోతాయి. ఏడాదికి ఆరు శాతం చొప్పున ఇస్తే నెలకు 8,000. చేతిలో ఇరవై నాలుగు లక్షలుంటాయి, నిజమే. రిటైరయ్యే ఏడాది మార్కెట్ ఎలా ఉంటుంది, యాన్యుటీ రేటు ఎంత ఉంటుంది అన్నవాటికి మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. కార్మికుడికి తనకు వచ్చేది చిన్నమొత్తమని ముందే తెలుసు. మాస్టారికి ఎంతొస్తుందో చివరి రోజు దాకా తెలియదు.

రెండో ప్రశ్న, “ఈ డబ్బు నాదేనా?” పాస్‌బుక్ చూసుకున్న పీఎఫ్ సభ్యుల్లో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. పింఛను గడిలో నెలకు 1,250 దాకా జమవుతుంది. యజమాని వాటాలోంచి వచ్చే, జీతంలో 8.33 శాతమది. దాని మీద వడ్డీ కనిపించదు. మోసం జరుగుతోందని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మోసం కాదు. అది విడి ఖాతా కాదు, అందరి డబ్బూ కలిసిన ఉమ్మడి నిధి. కేంద్ర ప్రభుత్వం జీతంలో 1.16 శాతం అందులో కలుపుతుంది. మనం కట్టినదానికీ మనకు వచ్చేదానికీ రూపాయికి రూపాయి లంకె ఉండదు. సీపీఎస్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ప్రతి ఉద్యోగికీ ప్రాన్ నంబరుతో సొంత ఖాతా ఉంటుంది, యూనిట్ల విలువ ఏ రోజుకారోజు చూసుకోవచ్చు.

సొంత ఖాతా మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ అభిప్రాయం నిలవదు. “నా తర్వాత ఇంట్లోవాళ్లకు ఏమొస్తుంది?” ఈపీఎస్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు ఆమె పింఛనులో చెరో పాతిక శాతం చొప్పున, 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా ఇస్తారు. పిల్లల్లో ఎవరికైనా శాశ్వత వైకల్యం ఉంటే జీవితాంతం ఇస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలకైతే 75 శాతం. పూర్తిగా అంగవైకల్యం పాలైన సభ్యుడికి పదేళ్ల సర్వీసు షరతు కూడా వర్తించదు. ఇవన్నీ ఉమ్మడి నిధి వల్లే సాధ్యమయ్యాయి. కొత్తగా చేరిన కార్మికుడు మిషను దగ్గర ప్రమాదంలో పోతే, అతని ఖాతాలో పోగైన డబ్బుతో ఆ ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? సీపీఎస్‌లో రిటైరైన తర్వాత భార్యకు ఏం వస్తుందన్నది, ఆనాడు ఏ రకం యాన్యుటీ ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫారం నింపే రోజు తొందరపడితే ఆ తప్పును సరిదిద్దుకోవడం కష్టం.

కార్మికుల పథకంలో నాకు బాగా నచ్చిన నిబంధన ఇంకొకటి ఉంది. చెరకు ప్రాంతం కాబట్టి మన దగ్గర దాని విలువ ఎక్కువ. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది. సీజనల్ కార్మికుడు ఆ ఏడాదిలో చేసింది కొద్ది నెలలే అయినా, పింఛను లెక్కలో దాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలని పథకమే చెబుతోంది. ఈ సంగతి తెలియక, తమ సర్వీసు పదేళ్లకు చాలదనుకుని ఫారం 10సి పెట్టి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లుంటారు. ఆ డబ్బుతో పాటు అప్పటిదాకా కూడిన సర్వీసూ పోతుంది. అదే ఫారంతో స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ సర్వీసు తర్వాతి ఉద్యోగంలో కలుస్తుంది. మాస్టారి వైపు చూస్తే, రిటైర్మెంట్ వయసుకు ముందే ఉద్యోగం మానేస్తే మామూలుగా ఎనభై శాతం యాన్యుటీకే పెట్టాలి.

ఇంతవరకు చూస్తే ఈపీఎస్ మనిషి కష్టం తెలిసిన పథకం. మరి దాన్ని అంతా ఎందుకు తిట్టుకుంటారంటే, నాలుగో ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు గనుక. “ధరలు పెరిగితే?” ఈపీఎస్ పింఛనుకు కరువు భత్యం లేదు. మొదటి నెల వచ్చిన మొత్తమే ఇరవై ఏళ్ల తర్వాతా వస్తుంది. కనీస పింఛను వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. సరిగ్గా ఆ మరుసటి నెల, అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 200 నుంచి వెయ్యికి పెరిగింది. అంటే ఆ రెండూ ఒకే గీత మీద మొదలయ్యాయి. వృద్ధాప్య పింఛను అంచెలంచెలుగా పెరిగి 2024 జూలైలో 4,000 అయింది. చందా కట్టిన కార్మికుడి కనీస పింఛను ఆ వేళకీ వెయ్యే. పేదలకు ఇచ్చే నాలుగు వేలు ఎక్కువని నేను అనను. జీతంలోంచి కోసి కట్టినవాడికి అందులో నాలుగో వంతు హామీ ఇవ్వడం అన్యాయమంటున్నాను. కనీసం మూడు వేలు ఇవ్వాలని భగత్‌సింగ్ కోశ్యారీ నాయకత్వంలోని రాజ్యసభ కమిటీ 2013లోనే చెప్పింది. పింఛనుదారుల సంఘాలు ఇప్పుడు 7,500తో పాటు డీఏ అడుగుతున్నాయి.

యాన్యుటీ కూడా ధరలతో పాటు పెరగదు. కాబట్టి ఈ విషయంలో మాస్టారూ కార్మికుడూ ఒకే వరుసలో నిలబడ్డారు. తేడా ఏమిటంటే మాస్టారి గొంతు ప్రభుత్వాలకు వినిపించింది. ఆంధ్రప్రదేశ్ 2023లో గ్యారంటీడ్ పెన్షన్ చట్టం చేసింది. చివరి మూల వేతనంలో సగానికి హామీ, పింఛను మీద కరువు భత్యం (డీఆర్), భార్యకో భర్తకో అందులో 60 శాతం అని రాసింది. సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. వాళ్లు అడిగేది పాత పెన్షనే. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్) తెచ్చింది. పాతికేళ్ల సర్వీసుకు సగం మూల వేతనం, పదేళ్లకు కనీసం పది వేలు, పైన కరువు భత్యం అన్నది. పదేళ్లు పనిచేసిన సర్కారు ఉద్యోగికి కనీసం పది వేలు, పదేళ్లు పనిచేసిన ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం వెయ్యి. ధరలకు పింఛనును ముడిపెట్టడం కుదరదన్న వాదన యూపీఎస్ వచ్చిన రోజే వీగిపోయింది.

నా తీర్పు ఇది. నిర్మాణంలో ఈపీఎస్ మేలు, చేతికొచ్చే మొత్తంలో సీపీఎస్ మేలు. ఉమ్మడి నిధిని రద్దుచేసి కార్మికులను కూడా సొంత ఖాతాల్లోకి నెట్టాలనే ఆలోచనను ఒప్పుకోకూడదు. ఆ నిధిని ఉంచి, 15,000 పరిమితి పెంచి, కరువు భత్యం కలపాలని అడగాలి. అది టీచర్ల సంఘాలూ కార్మిక సంఘాలూ కలిసి అడగాల్సిన మాట.

అది వచ్చేలోగా పీఎఫ్ సభ్యులు చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మీ సర్వీసు రికార్డులో పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆధార్‌లోనూ పీఎఫ్‌లోనూ పేరు ఒకేలా ఉందా చూడండి. పెళ్లయ్యాక నామినేషన్ మార్చారా? పిల్లల పేర్లు చేర్చారా? ఏ సీజన్‌లో మీ చందా జమ కాలేదో పాస్‌బుక్‌లో గుర్తుపట్టి, ఫ్యాక్టరీలో ఉండగానే రాతపూర్వకంగా అడగండి. రిటైరయ్యాక పింఛను దరఖాస్తు ఫారం 10డి పట్టుకుని విశాఖ పీఎఫ్ ఆఫీసుకు తిరిగే రోజున ఆ కాగితమే మీ తరఫున మాట్లాడాలి.