ఎవరి వస్తువులు? ఎవరి చరిత్ర? – పురానీ హవేలీ చూసొచ్చాక

హైదరాబాద్ చరిత్ర చూపిద్దామని మా డిగ్రీ విద్యార్థుల్ని వెంటబెట్టుకొని పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి పోయాను. పిల్లల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇండ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల తాతలు ఈ పట్నంలో రాళ్లు మోసినవాళ్లు, మోరీలు తీసినవాళ్లు. నగరం కథలో తమవాళ్లు ఎక్కడన్నా తగులుతారేమోనని పిల్లలకూ ఉంది, నాకూ ఉంది.

2000లో తెరిచిన ఈ మ్యూజియం ముఖ్యంగా కానుకల మ్యూజియం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి పాతికేళ్లయిన సందర్భంగా 1937లో రజతోత్సవాలు జరిగాయి. అప్పుడు వచ్చిన కానుకలే ఇక్కడ అద్దాల వెనక ఉన్నాయి. వెండితో చేసిన భవనాల నమూనాలు, సన్మాన పత్రాలు పెట్టిచ్చిన పేటికలు, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిను డబ్బా, ఉత్సవం కోసం చేయించిన సింహాసనం. ఇంకోవైపు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు, హవేలీలో ఒక భాగం పొడుగునా రెండంతస్తులుగా కట్టినవి. పై అంతస్తుకు పోవడానికి చేత్తో తిప్పే కర్ర లిఫ్టు. ఆయన తొడిగిన బట్టలు మళ్లీ తొడిగేవాడు కాదని కథలు కథలుగా చెప్పుకుంటారు.

అక్కడ ఒక విద్యార్థిని అడిగింది: "సార్, లిఫ్టు చేత్తో తిప్పాలంటున్నరు గదా. మరి తిప్పినోళ్లెవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తపడాలి. నిజాం ముస్లిం కాబట్టి ఆయన మ్యూజియాన్ని తప్పుబట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మన విమర్శ అది కాదు. హిందూ జమీందారు గడీని మ్యూజియం చేసినా జరిగేది ఇదే. అసలు గొడవ పాలకుడి మతంతో కాదు, మ్యూజియం అనే పద్ధతితో. మన దగ్గర మ్యూజియం ఆస్తి నుంచి పుడుతుంది. 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఒక నవాబు కుటుంబం పోగేసిన వస్తువుల నుంచి పుట్టిందే. వస్తువులు ఉన్నవాడికి చరిత్ర ఉంటుంది. వస్తువులు లేనివాడు, ఇతరుల వస్తువులు తుడిచినవాడు, మోసినవాడు, చరిత్రలో ఎక్కడ నిలబడాలి?

మూసీ వరద సంగతే చూడండి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. తర్వాత నగరాన్ని కాపాడటానికి రెండు జలాశయాలు కట్టారు. 1920లో పూర్తయినదానికి నిజాం పేరు పెట్టి ఉస్మాన్‌సాగర్ అన్నారు. 1927లో పూర్తయినదానికి ఆయన పెద్దకొడుకు పేరు పెట్టి హిమాయత్‌సాగర్ అన్నారు. పథకం చెప్పిన విశ్వేశ్వరయ్య పేరు కూడా పుస్తకాల్లో ఉంది. ఉండాల్సిందే. మట్టి తవ్వి తట్టలు మోసినవాళ్లు మాత్రం "కూలీలు" అనే ఒక్క మాటలో కలిసిపోయారు.

మరి మన తాతలు ఈ నగరానికి ఏమీ ఇవ్వలేదా? ఇచ్చారు. అయితే అవి అద్దాల పెట్టెలో పట్టేవి కావు. 1888లో ఈ నగరంలోనే ఒక మాల కుటుంబంలో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో అది మాన్యసంఘం అయింది. ఊరు బడిలోకి రానీయని పిల్లలకు వాడలోనే బడులు పెట్టించాడు. ఆడపిల్లల్ని జోగినులుగా వదలడం మీద పోరాడాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహిస్తే, ఆ సభే "పంచములం కాదు, ఆది ఆంధ్రులం" అని ప్రకటించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం "ఆది హిందువులు" అనే పేరును ఒప్పుకుంది. ఆయన 1939లో చనిపోయాడు. అంటే నిజాంకు వెండి భవనాలు కానుకగా వచ్చిన రోజుల్లో, అదే నగరంలో అంటరానివాళ్లు తమకొక పేరును, బడిని, సభను సంపాదించుకుంటున్నారు. ఆ రెంటిలో ఏది నగర చరిత్ర?

"మనకు వస్తువులు లేవు గదా, ఏం పెడతాం?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే వాడ ఉండేది. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, 60 వేలకు పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇండ్లు కూలగొట్టారు. 1994లో అక్కడ ఒక పాత చర్చిలో మ్యూజియం పెట్టారు. అందులో రాజుల కానుకలు లేవు. కూలగొట్టిన వీధుల పేర్ల పలకలు ఉన్నాయి. నేలమీద వాడ పటం పరిచారు. వెళ్లగొట్టబడ్డవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో ఆ పటం మీద తమ చేత్తోనే రాశారు. ఏమీ మిగలని మనుషులు జ్ఞాపకంతోనే మ్యూజియం కట్టుకున్నారు.

ఇక మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఏప్రిల్ 14న దండలేస్తాం, ఉపన్యాసాలిస్తాం. సభల కరపత్రాలు, సంఘాల రసీదు పుస్తకాలు, మినిట్సు పుస్తకాలు ఎవరి ఇంట్లో అటక మీద చెదలు పట్టిపోతున్నాయో పట్టించుకోం. వాడలోని ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఒక్క ముసలవ్వ పోతే ఒక గల్లీ చరిత్ర పోయినట్టే. ప్రభుత్వం మ్యూజియం కట్టాలని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. అయితే అది కట్టేదాకా ఈ ముసలివాళ్లు ఉండరు.

అందుకే ఈ సెలవుల్లో మా విద్యార్థులకు ఒక పని చెప్పాను. ఒక్కొక్కరు తమ బస్తీలో ఒక పెద్ద మనిషి దగ్గర కూర్చోవాలి. ఏ ఊరినుంచి వచ్చారు, ఏ పని చేశారు, ఏ భవనానికి రాళ్లు మోశారు, ఏ బావి దగ్గర ఆపారు, ఏ బడిలో చదివారు – వాళ్ల మాటల్లోనే రాసుకురావాలి. పేరు ముందు రాయాలి. లిఫ్టు సంగతి అడిగిన పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గర మొదలుపెట్టింది. లిఫ్టు తిప్పినవాళ్ల పేర్లు మనకిక దొరక్కపోవచ్చు. ఇప్పుడు బతికున్నవాళ్ల పేర్లు కూడా పోగొట్టుకుంటే ఆ తప్పు నిజాంది కాదు, మనది.