హవేలీ ఎవరు ఊడుస్తారు?

తెలుగు సాహిత్య సభల్లో బహుళ సంస్కృతుల మాట బాగానే వినపడుతోంది. ఆలిస్ వాకర్ 'ద కలర్ పర్పుల్' (1982), టోనీ మారిసన్ 'బిలవ్డ్' (1987) గురించి గౌరవంగా మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. నల్లజాతి స్త్రీ తన బతుకును తన యాసలో రాసుకుంటే నవల ఎంత మారుతుందో అవి చూపించాయి. కాని మాదొక ప్రశ్న. సముద్రాల అవతలి గొంతు విన్న చెవులకు హైదరాబాదులో ఉండి రాసిన జీలానీ బానో గొంతు ఎందుకంత దూరమైంది? ఉర్దూ ఈ నేల భాష కాదా?

ఆమె 'ఐవాన్-ఎ-గజల్' 1976లో వచ్చింది. కూలిపోతున్న నిజాం రాజ్యం, జాగీర్దారీ హవేలీ, బయట రైతాంగ పోరాటం, లోపల నలిగే ఆడవాళ్లు. ఒక వేసవిలో ఆగిరిపల్లిలో ఈ కథ మా ఖాలాకు చెప్పాం. రసాలు పిండి తాండ్ర పోస్తూ వింది. చివర్న ఒకే మాట అడిగింది: "అంత పెద్ద హవేలీ ఎవరు ఊడుస్తారు బేటా?"

మాకు జవాబు తోచలేదు. కన్నడంలో సారా అబూబక్కర్ రాసిన 'చంద్రగిరియ తీరదల్లి' కథ చెప్పాం. తండ్రి పంతానికి తలాఖు పాలైన నాదిరా, మళ్లీ భర్తను చేరాలంటే మరొకరితో ఒక రాత్రి నికా చేసుకోవాల్సి వచ్చి, మసీదు కొలనులో మునిగిపోతుంది. 1980ల తొలినాళ్లలో ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలి! ఖాలా కళ్లు తుడుచుకుంది. తర్వాత, "తలాఖుకు ముందు ఆ పిల్ల ఏం పని చేసేది?" అంది.

ఆ ప్రశ్నలు ఆ నవలలకు అన్యాయమే కావచ్చు. కాని మాకు న్యాయం. ముస్లిం స్త్రీ అనగానే చదువరికి కనపడేది హవేలీ, లేకపోతే తలాఖు. తోటల్లో కాయలేరుతూ, సొన పడి చేతులు పొక్కిన ఆడమనిషి ఏ అధ్యాయంలో ఉంది? జీలానీ బానోకు ఈ సంగతి తెలుసు. 'బారిష్-ఎ-సంగ్'లో ఆమె హవేలీ దాటి పల్లెకు, దొరల కింద నలిగే బతుకులకు వెళ్లింది. అది చెప్పగానే ఖాలా, "ఇది మన మాటల్లో ఉంటే మనవరాలు చదివి పెట్టేది" అంది.

మన మాటలు! అసలు చిక్కు అక్కడే. ఖాలా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఆ లిపి ఆమెకు రాదు. మనవరాలు బడిలో చదివేది తెలుగు. మా ఉర్దూ విని నగరపు అదబ్ పెద్దలు నవ్వుతారు. మా తెలుగు విని పండితులు తురకమంటారు. తప్పు తెలుగువాళ్లదే అని తప్పుకోలేం. మా మగవాళ్లం ముషాయిరాలకు పోయాం గాని, ఇంట్లో ఆడవాళ్ల మాటను భాషగా లెక్కపెట్టామా?

1998లో 'జల్‌జలా' వచ్చింది. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. కవిత్వంలో మా ఆడవాళ్లు నోరు విప్పారు. నవలకు ఏళ్ల తీరిక కావాలి. సీజనంతా కూలికి పోయే ఇంట్లో ఆ తీరిక ఎక్కడిది? అందుకే మేం అడిగేది సానుభూతి కాదు. ఉర్దూ నవలను తెలుగు నవల పక్కన పెట్టి చదవండి. మా ఇళ్లలోని ఆ కలగలుపు మాటను దిద్దకుండా అచ్చు వెయ్యండి. రాయాలనుకున్న మా పిల్ల చేతిలోంచి చీపురు మేం తీసుకుంటాం.