సున్నిపిండి సంగతి

అమెరికాలో, ఫ్రిస్కోలోని మా ఇంట్లో అమ్మ పెట్టె విప్పగానే ఇల్లంతా బావంచాల వాసన. కానుపు సాయానికి ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మల పెట్టెలన్నీ ఇంచుమించు ఒకటే: ఆవకాయ, కారప్పొడులు, బాలింతకు కాయం, బిడ్డకు సున్నిపిండి. పెసలు, శనగపప్పు, పసుపుకొమ్ములు, కచ్చూరాలు, బావంచాలు, నారింజ తొక్కలు ఎండబెట్టి, మరలో ఆడించి, పల్చటి బట్టలో జల్లించి తెచ్చింది.

బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ అందాకా ఆగింది. ఊడిన మర్నాడు బాత్‌టబ్‌లో చిన్న స్టూలు వేసుకుని, కాళ్ళు బారచాపి, వాటిమీద పిల్లను పడుకోబెట్టుకుంది. స్నానమయ్యాక సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగింది. మావారు దాని కింద నిలబడి తువ్వాలు ఊపుతూనే ఉన్నారు.

అమ్మ చేతులతో పాటు నోరూ ఆడుతుంది. ముక్కు సాగదీస్తూ "చప్పిడిముక్కు కాకూడదు". నుదుటిమీద పిండిముద్ద దొర్లిస్తూ "ఆడపిల్ల కదా, నూగు పోవాలి". చెవి అంచు వెలుతురుకు తిప్పి చూసి "ఇదిగో, ఈ రంగుకే తేలుతుంది".

పుట్టినప్పటి నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. పిండి వల్ల రంగు మారదు. తెలిసీ నేను తువ్వాలు పట్టుకుని మౌనంగా నిలబడ్డాను. కడుపుతో ఉన్నన్నాళ్ళూ రోజూ రాత్రి కుంకుమపువ్వు పాలు తాగినదాన్ని, ఏ మొహంతో మాట్లాడను? ఎందుకైనా మంచిదని తాగాను. ఆ 'ఎందుకు' ఏమిటో నన్ను నేను అడగలేదు.

నా చిన్నప్పుడు భోగి పొద్దున మా ఇంట్లో అన్నయ్యకు ఒంటికి పిండి నాలుగుసార్లు రాసి రెండు చెంబులు పోస్తే అయిపోయేది. నాకు మాత్రం మోచేతులు మండేదాకా. "చామనఛాయ పిల్ల, కాస్త గట్టిగా రుద్దు వదినా" అని మేనత్త వసారాలోంచి గుర్తుచేసేది. రంగు తేలుస్తానంటూ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లోనే వచ్చింది. నేను పెరిగేనాటికి వీధి కొట్లో షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడుతుండేది. 2020లో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు.

2013 సెప్టెంబర్‌లో దావులూరి నీనా అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా కిరీటం పెట్టుకుంది. సిరక్యూస్‌లో పుట్టిన తెలుగింటి పిల్ల. ఆ రాత్రే ఇక్కడ కొందరు ఆమెను అరబ్బు అనీ, టెర్రరిస్టు అనీ తిట్టిపోశారు. ఇండియాలో అయితే ఈ రంగుకు కిరీటమే దక్కేది కాదని అక్కడ మరో చర్చ. మా అమ్మ ఫోన్ చేసి "మన విజయవాడ వాళ్ళ పిల్లేనటే!" అని మురిసిపోయి, క్షణమాగి, "కాస్త ఛాయ తక్కువ గానీ" అంది. నేను నవ్వేశాను. నీనా తర్వాత రంగు తేల్చే క్రీముల వ్యాపారం మీదే 'కాంప్లెక్షన్' అనే డాక్యుమెంటరీ తీసింది.

నా ఇంట్లో రంగు గురించి ఈ మాటలు ఇక వినపడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పాపకు మనుషుల ఒంటి ఛాయలన్నీ ఉన్న క్రేయోలా పెట్టె కొన్నాను; అందులో 24 రంగులు. ఆ కంపెనీయే 1962 దాకా గులాబీ లాంటి ఒక్క రంగును 'ఫ్లెష్' అని అమ్మింది. పాప తన బొమ్మకు ఏ రంగు వేసుకుంటుందోనని వెనకనుంచి తొంగి చూశాను. తనకు ఆ ధ్యాసే లేదు, గౌనుకు వేసే ఊదారంగు విరిగిందని ఏడుస్తోంది. గెలిచాననుకున్నాను.

మొన్న దీపావళికి పిల్లలిద్దరికీ నలుగు పెట్టాను. ముందు బాబు. మూడు నిమిషాల్లో కడిగి బయటికి పంపేశాను. తర్వాత పాప వచ్చి కూర్చుంది. నేనింకా పిండి కలుపుతూనే ఉన్నాను. తను మోచేతులు రెండూ మడిచి, ముందుకు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది. రంగు గురించి ఆ పిల్లతో ఏనాడూ ఒక్క మాట అనలేదు నేను.

పిండి గిన్నె పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. "ఈసారి మంట లేదేంటమ్మా?" అంది.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. ఎవరో వస్తున్నారట, పిండి ఎంత పంపమంటావని.

"రెండు కేజీలు."

"పాపకు అంతెందుకే?"

"బాబుకు కూడా."

"మగపిల్లాడికి దేనికే?" అంది అమ్మ.

"మురికి పోవడానికే" అన్నాను.