క్షేత్రరేఖను గీయు నేర్పు

యోనికాన్సరు సోకిన మన తెలుగు స్త్రీలకు ఆశ్రయమగు వైద్యాలయములలో బెంగుళూరునందు 1973లో స్థాపితమైన కిద్వాయి కాన్సరు సంస్థ యొకటి. ఇట్టి వైద్యాలయములలో రేడియేషను వైద్యుడును, భౌతికశాస్త్రజ్ఞుడును, యంత్రము నడుపు టెక్నీషియనును కూడి, కిరణము పడవలసిన క్షేత్రమును నిర్ణయించుటను నేను మహాకళయనియే యెంచుదును. యోని యొక్క పైభాగమున బుట్టిన గడ్డ కటిలోని లింఫుగ్రంథులవైపు ప్రాకును. క్రింది మూడవవంతున బుట్టినది గజ్జల గ్రంథులకును పాకగలదు. కావున స్కాను చిత్రముపై గీయు సరిహద్దు రోగిరోగికిని మారవలసినదే. ముందు మూత్రాశయము, వెనుక పురీషనాళము, నడుమ మిక్కిలి యిరుకైన చోటు: ఆ రెంటిని గాచుచు, గడ్డను విడువక కిరణమును నడుపుట యెంతటి నేర్పు! అంతకంటె గొప్పది, సిగ్గుతో ముడుచుకొనిన యిల్లాలికి దుప్పటి కప్పి, “కదలవద్దమ్మా” యని మెల్లగ జెప్పి, చర్మముపై చుక్కలను కిరణరేఖతో సరిచూచు ఆ టెక్నీషియను యొక్క అనుదిన శ్రద్ధ. సాధారణముగా దినమునకు 1.8 గ్రే (కిరణమోతాదు కొలమానము) చొప్పున 45 గ్రేల వరకు కిరణమును బయటినుండి యిచ్చి, మిగిలిన మోతాదును బ్రాకీథెరపీతో లోపలినుండి నింపుదురు. గడ్డ మందము 5 మి.మీ. లోపైనచో యోనిలోనుంచు గొట్టము చాలును. మించినచో సూదులు గ్రుచ్చి, వానిగుండ కిరణములనిచ్చు ఇరిడియం-192ను నడుపుదురు.