బోర్డు కొలత

దుకాణపు బోర్డును కొలుచుట టేపు పట్టనేర్చిన ప్రతివానికిని సాధ్యమైన పనియేయని తోచునుగాని, ఆ టేపును ఎచ్చట మొదలిడి ఎచ్చట ముగింపవలెనో నిర్ణయించుటలోనే ఈ విద్య యంతయు ఇమిడియున్నది. రేకుపై వ్రాసిన బోర్డైనచో చట్రముతో కూడ పొడవు వెడల్పులను గుణించిన చాలును. రేకు లేకుండ గోడకే విడివిడిగా అక్షరములను బిగించినప్పుడు దేనిని కొలువవలెను? అక్షరములన్నింటిని చుట్టివచ్చు అత్యల్ప దీర్ఘచతురస్రమును ఊహించి, నడుమ కనబడు గోడతో సహా దాని వైశాల్యమునే బోర్డు వైశాల్యముగా గ్రహింపవలెనని అమెరికాలోని పెక్కు పట్టణముల జోనింగు నిబంధనలు చెప్పుచున్నవి. వీపులు కలిపి నిలిపిన రెండు ముఖముల బోర్డునకు సాధారణముగా ఒక ముఖమునే లెక్కింతురు. మోయు స్తంభములను విడిచిపెట్టుదురు.

ఇది గుమాస్తాల చాదస్తమని తలంచువారు ఘాట్కోపర్‌ను స్మరింపవలెను. 2024 మే 13న ముంబయిలోని ఆ పేటలో గాలివానకు కూలి 17 మందిని బలిగొన్న హోర్డింగు 120 అడుగులకు 120 అడుగులు. అచ్చటి నగరపాలక సంస్థ అనుమతించు పరిమితియో 40కి 40. ప్రక్క కొలత మూడింతలైనప్పుడు వైశాల్యము తొమ్మిదింతలగును, గాలి తాకిడియు దానితోడనే పెరుగును. తెలంగాణ ప్రభుత్వము 2020లో 68వ జీవో ద్వారా భూమట్టమునుండి 15 అడుగులకు పైన ప్రకటనలు కూడవని శాసించుట నాకు మిక్కిలి సమంజసముగా తోచినది.

అయినను నా మనస్సు పెద్ద హోర్డింగులకంటె చిన్న దుకాణపు బోర్డులయందే ఎక్కువగా నిలుచును. చేతితో బోర్డులు వ్రాయు పెయింటరొకడు సుద్ద రాచిన దారమును బిగలాగి విడిచి గీతలు కొట్టుచుండగా నేను చాలసేపు నిలిచి చూచితిని. ఆంగ్లపు పెద్ద అక్షరములకు రెండు గీతలతో పని తీరినది. తెలుగు పేరునకు మాత్రము గుడులకై పైనొకటి, ఒత్తులకై క్రిందనొకటి అదనముగా కొట్టెను. ‘లక్ష్మీ వస్త్రాలయం’ అను పేరును ఆ దీర్ఘచతురస్ర సూత్రముతో కొలిచినచో, ‘క్ష్మీ’, ‘స్త్రా’ అను రెండక్షరముల ఒత్తుల కొరకు దీర్ఘచతురస్రపు అడుగు అంచంతయు క్రిందికి దిగును. దిగిన మేరలో మిగిలిన అక్షరముల అడుగున నుండునది వట్టి గోడయే. అనగా సమానమైన వైశాల్యములో తెలుగు పేరు ఆంగ్లపు పేరుకంటె చిన్నదై, దూరమునుండి వచ్చువానికి ఆలస్యముగా కనబడును. దుకాణపు పేరు తెలుగున ఉండవలెననియు, ఇతర భాషలు దాని క్రిందనే యుండవలెననియు 1990 నాటి దుకాణముల నిబంధనలు విధించియుండగా, కొలతలో దానికి ఈ నష్టము కలుగుట న్యాయము కాదు.

కావున బోర్డుల వైశాల్యమునకు నిర్వచనము వ్రాయు పురపాలక అధికారులకు నా విన్నపమొక్కటి. తెలుగు పేరును కొలుచునప్పుడు అక్షరపు ఒడలి ఎత్తునే లెక్కకు తీసికొని, పైకి పోవు గుడులను, క్రిందికి దిగు ఒత్తులను మినహాయింపుడు. ఆ మాటను నిబంధనలోనే, పటముతో సహా, అచ్చువేయింపుడు.