కార్తె కార్తెకో దండం

కాలమా, నీకు దండం. 27 నక్షత్రాల మీదుగా సూర్యుణ్ని నడిపిస్తూ, ఒక్కో చుక్క దగ్గర పదమూడు పద్నాలుగు రోజులు నిలిపావు. ఆ మజిలీలను కార్తెలని పిలుచుకుంటూ, వాటినిబట్టే దున్ని, చల్లి, కోసిన చేతులు మా తాతలవి.

రోళ్లు పగలగొట్టే రోహిణీ, తిట్టుకుంటూనే నీకు మొక్కుతున్నాను. వేసవి దుక్కిలో బయటపడ్డ పురుగుల గుడ్లను మాడ్చేది నువ్వే. నల్లరేగడిని నెర్రెలు విచ్చేలా ఎండగట్టి, తొలకరి నీళ్లు లోతుకు దిగే దారి చేసేదీ నువ్వే.

మృగశిరా, జూన్ రెండో వారం మొదలవకముందే నీకోసం తలలెత్తి చూస్తాం. నువ్వొచ్చిన రోజున తెలంగాణ ఇళ్లలో చేపల పులుసు ఉడుకుతుంది. ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగులు, కాడికి పసుపు కుంకుమలు. మనిషికన్నా ముందు పశువుకు మొక్కాలని నేర్పిన పండుగ అది.

ఆరుద్రా, నీ పేరు పెట్టుకున్న పురుగును తడిసిన చెలకలో వంగి చూశాను. కందిగింజంత ఒళ్లు, ఎర్రటి మఖమలు. వేలు తగలగానే కాళ్లు ముడుచుకుంది. కాసేపటికి ఒక కాలు చాపింది, రెండోది చాపింది, మళ్లీ నడక సాగించింది. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండి, నీ చినుకుల కబురు నమ్మి పైకొచ్చే జీవి అది. రైతు నమ్మకమూ అంతే. పిడికిట్లోని విత్తు మట్టిలో పడ్డాక దానిమీద అతని పెత్తనం చెల్లదు. అయినా పిడికిలి విప్పుతాడు.

మఖలో పుట్టి పుబ్బలో మాడిన మొలకలున్నాయి. ఉత్తర చూసి గంప ఎత్తిన ఊళ్లున్నాయి. తమ చెరువు నిండని పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి పరాయి నేలల ఆనకట్టలకు మన్ను మోశారు. కాలమా, నువ్వు తప్పిన మాటను వాళ్ల నెత్తిన తట్టలు చెల్లించాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెనై విరుచుకుపడ్డదీ నువ్వే. ఆ రాత్రికి నీకు దండం పెట్టలేను. ఉప్పుతేరిన ఆ మళ్లలో మళ్లీ నారు పోసినవాళ్లకు పెడతాను.

పుష్యమాసమా, కొత్తబియ్యం పొంగలి పొంగించేదానా, కల్లం ఊడ్చాక మా వాకిళ్లలో నువ్వు చూసే తొలి దానం చిన్నది. వరికంకులను కుచ్చుగా అల్లి చూరుకు కడతాం. పిచ్చుక వచ్చి తలకిందులుగా వేలాడి, గింజ ఒలిచి, పొట్టు మన గడప మీదే రాల్చి పోతుంది. దండం పెట్టదు, పెట్టాలని మనమూ అడగం. తీసుకున్నది తిరిగి నీకే ఇవ్వలేం గనుక, పక్కనున్న నోటికి ఇవ్వడమే నీ బాకీ తీర్చే దారి.

ఇక అడగవలసింది ఒక్కటే. గంప ఎత్తుకుపోయినవాళ్లను వచ్చే మృగశిరకైనా సొంత ఊరికి రప్పించు. ఆకలేసినా విత్తనాల కుండ ముట్టని ఇల్లాళ్లు అక్కడున్నారు. నిన్ను నమ్మి వాళ్లు చేయవలసింది చేశారు, ఇక నీ వంతు.